ఫిల్ముమీద రెండో గీత

మామయ్య గొంతులో చేపముల్లు ఇరుక్కుందన్న సంగతి వీధి మొత్తానికీ తెలిశాక గానీ కోడలికి తెలియలేదు. సాయంత్రం పని నుంచి వస్తుంటే ఇస్త్రీ కొట్టు ఆవిడ ఆపి, "మీ మామగారికి ఎలా ఉందమ్మా? నువ్వు వండిన చేపేనటగా?" అని అడిగింది. ఆమె గొంతులో జాలి ఎంతుందో కుతూహలం కూడా అంతే ఉంది.

కోడలు మిగిలిన దారంతా దాదాపు పరిగెత్తింది. ఇంట్లోకి అడుగుపెట్టేసరికి మామయ్య వసారాలో ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతున్నాడు. నాలుగు అడుగులు వేయడం, ఆగి గుటక వేయడం, మొహం చిట్లించడం, మళ్ళీ నడవడం. వెనకే అత్తయ్య, ఒక చేతిలో అరటిపండు, ఇంకో చేతిలో ఎండు రొట్టె ముక్క.

"నమలకుండా మింగండి. దాంతోపాటు అది కూడా దిగిపోతుంది."

"పొద్దున్నుంచి అదేగా చేస్తున్నాను. పొట్టలో చోటు లేదు."

అత్తయ్య కోడలిని చూసి ఆగింది. "వచ్చావా? ఊరందరి ఎముకలూ ఏరతావు, ఇంట్లో ఒక్క చేప సరిగ్గా ఏరలేకపోయావా అమ్మాయ్?"

ఆ మాట కోడలికి సూటిగా తగిలింది. ఎందుకంటే ఆమె పని నిజంగా అదే. కాలేజీ వెనక ఉన్న జంతుశాస్త్ర మ్యూజియంలో అస్థిపంజరాలు తయారుచేస్తుంది. చచ్చిన జంతువు మాంసం వదిలించి, ఎముకలు నానబెట్టి, జిడ్డు తీసి, తెల్లగా చేసి, ఏది ఎక్కడిదో గుర్తుపట్టి మళ్ళీ అతుకుతుంది. పిల్లి అయితే హాయి. కప్ప అయితే ఇంకా హాయి. చేపే కష్టం. మనిషి పుర్రెను చేత్తో ఎత్తితే ఒక్క ముద్దగా లేస్తుంది. చేప తలను ఉడకబెడితే విప్పిన గడియారంలా ముక్కలు ముక్కలుగా విడిపోతుంది. ఆ ముక్కల పని అప్పజెప్పాలంటే ఆ కాలేజీలో అందరూ ఆమెనే వెతుక్కుంటూ వచ్చేవారు. మామయ్య ముద్దుగా "ముళ్ళ డాక్టరు" అని పిలిచేవాడు. ఇప్పుడు ఆ పేరే ఇంట్లో ఎవరూ పలకడం లేదు.

అంతకుముందు సెలవురోజు వండింది పెద్ద బంగారు తీగ చేప. ముక్కల్లోని వెంట్రుక ముళ్ళను పట్టుకారుతో తీస్తూ తనే గంటలసేపు కూర్చుంది. అందరూ తిన్నారు, బాగుందన్నారు. మర్నాడు మామయ్య ఎప్పటిలాగే బస్‌స్టేషన్‌కు వెళ్ళాడు. అక్కడ మైకులో బస్సుల రాకపోకలు చెప్పడం ఆయన ఉద్యోగం. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెబుతూ పక్కనున్న గుమాస్తా వైపు తల తిప్పాడట. గొంతులో ఏదో గుచ్చుకుని, చెవిదాకా మెరుపులా పాకిందట. చెబుతున్న బస్సు పేరు సగంలో ఆగిపోయింది. ప్రయాణికులు తలలెత్తి స్పీకర్ల వైపు చూశారు.

వీధి చివరి డాక్టరు నోట్లో లైటు వేసి చూసి, ఏమీ కనబడటం లేదు, గీరుకుని ఉంటుంది, తగ్గిపోతుంది అన్నాడు. తగ్గలేదు. ఆవులించినా గుచ్చుకునేది. తల ఎడమవైపు తిప్పినా గుచ్చుకునేది. మామయ్య కుదురుగా కూర్చోవడం మానేశాడు. పేపరు తెరిచేవాడు, మడిచేవాడు. కుర్చీలోంచి లేచి వాకిట్లోకి, వాకిట్లోంచి వంటింట్లోకి వెళ్ళేవాడు. ఆయన తిరుగుతుంటే అత్తయ్య తిరిగేది. వాళ్ళిద్దరినీ చూస్తూ కోడలి భర్త కూడా తాళంచెవి వేలికి తిప్పుకుంటూ గుమ్మంలో నిలబడేవాడు. వ్యాను నడిపే మనిషి, ఎక్కడైనా నవ్వు పుట్టించగలడు. ఇంట్లో మాత్రం ఏం మాట్లాడితే ఎవరికి తగులుతుందోనని నోరు కట్టేసుకున్నాడు.

తర్వాత ఎక్స్‌రే తీయించారు. పక్క నుంచి తీసిన మెడ ఫిల్ము. చెవి కింద మొదలై, దవడ వెనకగా, గొంతువైపు వాలుగా దిగిన సన్నని తెల్లని గీత. అత్తయ్య దాన్ని కవరులో పెట్టి, వచ్చినవాళ్ళందరికీ కిటికీకి ఎత్తి చూపించేది.

"చూడండి. ఇదిగో ముల్లు. కళ్ళెదురుగా కనబడుతోంది."

పెద్దాసుపత్రిలో గొంతు డాక్టరమ్మ ఫిల్ము చూసి, వారం తర్వాత మళ్ళీ రమ్మంది. స్కానింగ్ తీసి, అవసరమైతే కోసి తీయాల్సి ఉంటుందని చెప్పింది. కోయడం అన్న మాట వినగానే అత్తయ్య మొహం నల్లబడింది. అయినా మాట మాత్రం మార్చలేదు. "ముల్లేగా. తీసేస్తారు. తీసేస్తే పోతుంది."

కోడలికి అన్నం సయించలేదు. పళ్ళెంలో మెతుకులు కెలుకుతూ అదే ఆలోచన. ఏ ముక్కలో మిగిలింది? ఏ ముల్లు? ఉన్నట్టుండి ఒక సంగతి తట్టింది. ఆ చేప ముళ్ళు ఎక్కడికీ పోలేదు. వండేముందు విడదీసిన తలా, నడుమూ, తోకా కలిపి మర్నాడే మ్యూజియంకు తీసుకెళ్ళి నానబెట్టింది. కొత్త అద్దాల అరలో వరసగా చేప, కప్ప, బల్లి, పావురం, పిల్లి, మనిషి పెట్టాలని మ్యూజియం పెద్ద మేడమ్ చెప్పారు. చేపలో మొప్పలను మోసే ఎముక వంపులు, అంటే కమాన్లు, మనిషిదాకా వచ్చేకొద్దీ ఎలా మారాయో చూపించాలట. ఆ వరసలో మొదటిది ఈ బంగారు తీగే.

అంటే ఆ చేప మొత్తం తన గిన్నెల్లోనే ఉంది. లేనిది ఏదో అదే మామయ్య గొంతులో ఉంది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి నల్లగుడ్డ పరిచి కూర్చుంది. వెన్నుపూసలు తోక నుంచి పేర్చింది. చేప వెన్నుపూస రెండువైపులా గుంటగా, వీపుకు వీపు ఆనించిన రెండు చిన్న గరాటుల్లా ఉంటుంది. పిల్లి పూసలా చదునుగా ఉండదు. ఒకటీ తగ్గలేదు. పక్కటెముకలు పేర్చింది. పొడుగ్గా, గుండ్రంగా, మొనదేలి ఉంటాయి. ఎడమవైపు, కుడివైపు జతలు చూసుకుంది. అన్నీ ఉన్నాయి. దవడలు, మొప్ప మూతలు, గొంతు లోపలి పళ్ళు ఉన్నాయి. ఈ చేపకు పళ్ళు నోట్లో ఉండవు, గొంతులో ఉంటాయి. చివరికి మొప్ప మూత కింద విసనకర్ర పుల్లల్లా ఉండే వంపు ఎముకలకు వచ్చింది. నాలుక కిందుగా సాగే ఎముక కమానుకు అవి వేలాడతాయి. ఈ చేపకు ఒక్కో వైపు మూడేసి ఉండాలి.

కుడివైపు మూడు. ఎడమవైపు రెండు.

గిన్నె ఒంపింది. జల్లెడ తిరగేసింది. నీళ్ళు పారబోసే తొట్టి అడుగున చేయి పెట్టి తడిమింది. నేలమీద మోకాళ్ళ మీద పాకుతూ బల్లల కింద వెతికింది. లేదు. వండే రోజు వంటింట్లో మొప్పలు పీకి పారేసింది తనే. అప్పుడే ఊడి ముక్కల్లో కలిసి ఉంటుంది. అత్తయ్య అన్నది నిజమే అయింది.

ఆ సాయంత్రం ఇంటికి నేరుగా వెళ్ళలేకపోయింది. మార్కెట్టు చుట్టూ రెండుసార్లు నడిచింది. ఏమీ కొనలేదు. ఇంటికొచ్చాక మామయ్య దగ్గరికి వెళ్ళి నిలబడి చెప్పేసింది.

"మామయ్యా, ఒక ముల్లు తగ్గింది. చూసుకున్నాను. తప్పు నాదే."

ఆయన నడుస్తున్నవాడు ఆగాడు. గొంతు నొక్కుకుంటూ, "ఎంతుంటుంది తల్లీ?" అన్నాడు.

"కుడివైపుది ఉంది. రేపు చూపిస్తాను."

"చూపించు. ఇన్నాళ్ళుగా లోపల కాపురం పెట్టినవాడి మొహం నేనూ చూడాలి." నవ్వబోయాడు. నవ్వు మధ్యలో గుచ్చుకుని చెవి పట్టుకున్నాడు.

వంటింటి గుమ్మంలో నిలబడి అత్తయ్య అంతా వింది. కోడలు తిట్లకు సిద్ధపడింది. కానీ అత్తయ్య తిట్టకుండా వెళ్ళి పళ్ళెంలో అన్నం పెట్టుకుంది. పైగా ఆమె మొహంలో ఏదో బరువు దిగినట్టు కనిపించింది. కోడలికి అది అర్థం కాలేదు.

మర్నాడు ఎక్స్‌రే ఫిల్మును కోడలు మ్యూజియంకు తీసుకెళ్ళింది. కిటికీ అద్దానికి అతికించి, కుడివైపు ఎముకను పట్టుకారుతో పట్టి గీత మీద ఆనించింది. సరిపోలేదు. చేప ఎముక చదునుగా, కొడవలిలా వంగి ఉంది. ఫిల్ములో గీత తిన్నగా ఉంది. ఈ ఎముక సగం దూరానికే అయిపోయింది. గీత ఇంకా కిందికి దిగింది. అడ్డంగా, నిలువుగా, అంచుమీద నిలబెట్టి కూడా చూసింది. పక్కటెముక పెట్టి చూసింది, ఆ వంపూ వేరే. ఈ చేపలో అంత పొడుగ్గా, తిన్నగా, పైన లావై కిందికి సన్నబడే ఎముక ఒక్కటీ లేదు.

మరి ఇదేమిటి?

కళ్ళు చికిలించి దగ్గరికి వంగింది. అప్పుడు కనబడింది. తెల్లని గీత పక్కనే, వెంట్రుకవాసి ఎడంగా, ఇంకో గీత. మసగ్గా. ఇన్నాళ్ళూ ఫిల్ము కదిలి నీడ పడిందనుకున్నారు. నీడ కాదు. పైన మొదలైన చోటు వేరు, కింద ఆగిన చోటు వేరు. పక్క నుంచి తీసిన ఫిల్ములో రెండు చెవులూ, రెండు దవడలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. ఇవీ అలా పడినవే. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి.

మింగిన ముల్లు జతగా ఇరుక్కోదు. జతగా ఉండేవి ఒంట్లో పుట్టినవి.

బల్ల మీద అరలోకి వెళ్ళాల్సిన మనిషి పుర్రె ఉంది. దాన్ని తిరగేసింది. చెవి రంధ్రాల పక్కన, అడుగున, చెరోవైపు విరిగిపోయిన మొండి మొన. అక్కడ సూది లాంటి ఎముక కిందికి దిగాలి. ఎంత సన్నగా ఉంటుందంటే, పాత పుర్రెల్లో అది విరగకుండా మిగలడమే అరుదు. మామూలుగా చిన్నదిగానే ఉంటుంది. ఆ సూది నుంచి నాలుక కింది ఎముకదాకా ఒక నారపోగు ఉంటుంది. కొంతమందిలో అది వయసుతో గట్టిపడి ఎముకగా మారుతుందని ఎప్పుడో చదివింది. చేపలో మొప్ప మూత పుల్లలు వేలాడే కమాను ఏదో, మనిషిలో ఈ సూదీ, నారా, నాలుక ఎముక కొమ్ములూ దాని మిగులే. అదే కమాను పైకొస నుంచి చెవిలోపలి బియ్యపుగింజంత ఎముక కూడా వచ్చింది. అందుకేనేమో, గొంతులో గుచ్చుకుంటే చెవిదాకా పాకుతోంది అనుకుంది. కానీ అది నరాల సంగతి, డాక్టరమ్మ చెప్పాలి.

పుర్రెను మళ్ళీ బల్ల మీద రెండు చేతులతో పట్టుకుని పెట్టింది.

పోయిన ముల్లు పోయినట్టే. ఏ తూములోనో పడి ఉంటుంది. అది మామయ్య గొంతులో మాత్రం లేదు.

ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజు అదృష్టవశాత్తూ మర్నాడే. డాక్టరమ్మ చెప్పేదాకా ఆగుదామనుకుంది. మామయ్యను స్కానింగ్‌కు లోపలికి తీసుకెళ్ళారు. భర్త వ్యాను ఎక్కడ నిలపాలో తెలియక బయట చక్కర్లు కొడుతున్నాడు. నడవాలో బెంచీ మీద అత్తయ్యా కోడలూ మిగిలారు. అత్తయ్య సంచి పిడిని మెలిపెడుతోంది, విప్పుతోంది, మళ్ళీ మెలిపెడుతోంది.

కోడలు ఉండబట్టలేకపోయింది. "అత్తయ్యా, ఒక మంచి మాట. అది చేపముల్లు కాదు."

అత్తయ్య చేయి ఆగిపోయింది.

"నిన్న మొత్తం చూశాను. కొలత కలవలేదు. ఆ చేపలో అలాంటి ఎముకే లేదు. ముల్లు కానే కాదు."

పొగుడుతుందని కాకపోయినా, పోనీలే అంటుందని అనుకుంది. అత్తయ్య పెదాలు తెల్లబడ్డాయి. "కాదా?" అంది. తర్వాత, నడవాలో అందరూ తిరిగి చూసేంత గట్టిగా, "అది ముల్లు కాకపోతే ఇంకేంటే?" అంది.

"అత్తయ్యా..."

"మా తమ్ముడు కూడా ఇలాగే గొంతులో ఏదో అడ్డం పడుతోందన్నాడు. తర్వాత చెవి నొప్పన్నాడు. ఏదో గుచ్చుకుందిలే అనుకున్నాం. తీరా చూస్తే గడ్డ. ఏడాది తిరగలేదు." ఆమె సంచిని ఒళ్ళోకి లాక్కుంది. "ముల్లయితే తీసేస్తారు. ముల్లే కావాలి నాకు. నువ్వు ఒకటి తగ్గిందని చెప్పిన రోజు, నిజం చెబుతున్నా, ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నాను."

కోడలికి అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ ఊరంతా తిరిగి చాటింది తనమీద కోపంతో కాదు. ఆ ఫిల్ము కిటికీకి ఎత్తిన ప్రతిసారీ ఆమె తనకు తానే చెప్పుకుంటోంది. చెప్పి చెప్పి నిజం చేసుకోవాలనుకుంది. కోడలి పరువు ఏమవుతుందో ఆలోచించే స్థితిలో ఆమె లేదు. కోడలికి కోపం రాలేదని కాదు. వచ్చింది. ఆ కోపాన్ని చూపించేటంత తీరిక ఇప్పుడు లేదు.

"మీరు నావైపు చూడండి. అది గడ్డ కూడా కాదనుకుంటున్నాను. ఆయన సొంత ఎముకే. మీకూ ఉంటుంది, నాకూ ఉంటుంది. ఇక్కడ." తన చెవితమ్మె కింద వేలు పెట్టి చూపించింది. "సూదిలా కిందికి దిగుతుంది. ఆయనకు పొడుగు పెరిగింది. రెండువైపులా పెరిగింది. గడ్డలు అలా జతగా, గీత గీసినట్టు రావు."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఫిల్ములో చూశాను."

"నువ్వు చూసేది చచ్చినవాటిని కదమ్మా."

కోడలు లేచి నడవా చివరిదాకా వెళ్ళి వచ్చింది. తన మాట తప్పయితే? ఒకే చేప, ఒకే పుర్రె, ఒకే ఫిల్ము చూసి అంత ధీమాగా ఎలా చెప్పేసింది? మళ్ళీ నడిచింది. ఇప్పుడు బెంచీ మీద కూర్చుంది అత్తయ్య, తిరుగుతున్నది కోడలు.

డాక్టరమ్మ పిలిచింది. జుట్టు నెరిసిన మనిషి, మాట నెమ్మది. తెరమీద స్కానింగ్ బొమ్మ ఉంది. ఎదురుగా నిలబెట్టిన పుర్రె, దాని రెండు చెవుల కింద నుంచి గొంతువైపు దిగిన రెండు పొడుగాటి ముళ్ళు. ఎడమది మరీ పొడుగు.

ఆమె ఇంకా ఏమీ చెప్పకముందే కోడలు, "రెండు ఉన్నాయి కదండీ?" అంది.

డాక్టరమ్మ కళ్ళజోడు పైనుంచి చూసింది. "మీరేం చేస్తారమ్మా?"

"ఎముకల పని."

"ఎముకల పని!" డాక్టరమ్మ నవ్వింది. "ఫిల్ము చూసినప్పుడు నాకూ అనుమానం వచ్చింది. అందుకే కోసే ముందు స్కానింగ్ చేయాలన్నాను. కానీ ఈ పెద్దమ్మగారు చేప సంగతి ఎంత గట్టిగా చెప్పారంటే, నేను కూడా ముల్లు కోసమే వెతుక్కున్నాను." గ్లవ్ తొడుక్కుని మామయ్య నోరు తెరిపించి, గొంతు పక్కనున్న గుంటలో వేలితో మెల్లగా నొక్కింది. ఆయన కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు.

"ఇదేనా నొప్పి?"

"అదే! వాడే!" అన్నాడు మామయ్య చెవి పట్టుకుని, కళ్ళలో నీళ్ళతో.

"గడ్డ ఏమీ లేదు కదా డాక్టరమ్మా?" అత్తయ్య అడిగింది. గొంతు వినబడీ వినబడనట్టుంది.

"లేదమ్మా. ఎముక. ఆయనదే. పక్కనున్న నరాన్ని గీరుతోంది. చేప తిన్న మర్నాడు మొదలైంది కాబట్టి పాపం చేపమీద పడింది."

అత్తయ్య కుర్చీ కోసం వెనక్కి చేయి చాపింది. కోడలు పట్టుకుని కూర్చోబెట్టింది. అత్తయ్య చాలాసేపు ఆ చేయి వదల్లేదు. క్షమించమనలేదు. "చేతులు ఇంత గరుకుగా ఉన్నాయేంటే? ఆ మందు నీళ్ళలో పెట్టకు," అంది.

మందులతో కొన్నాళ్ళు చూశారు. తగ్గలేదు. చివరికి నోట్లోంచే ఆపరేషన్ చేసి ఎడమవైపు సూదిని కురచ చేశారు. కుడివైపుది బాధ పెట్టడం లేదు కాబట్టి వదిలేశారు. గొంతు మానేదాకా మాట్లాడకూడదన్నారు. బతుకంతా మైకులో మాట్లాడిన మనిషికి అంతకు మించిన శిక్ష లేదు. మంచం మీద అటూ ఇటూ దొర్లేవాడు, చేతులతో బస్సులు నడిపేవాడు. ఆయన సైగలకు కొడుకు కావాలని తప్పు అర్థాలు చెప్పి నవ్వించబోతే, నవ్వకూడదని అత్తయ్య కొడుకు వీపు మీద ఒక్కటి వేసింది. గొంతు మానిన రోజు ఆయన మొదట చేసిన పని తల ఎడమవైపు తిప్పడం. భయంభయంగా తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. తర్వాత రోజంతా ఎవరు పిలిచినా పిలవకపోయినా ఎడమవైపే చూశాడు.

నోరు విప్పాక మొదటి మాట కోడలితోనే. "ముళ్ళ డాక్టరూ, నా ముక్కేదీ?"

డాక్టరమ్మ చిన్న సీసాలో వేసి ఇచ్చినదాన్ని కోడలు ఆయన చేతిలో పెట్టింది. అగ్గిపుల్ల కంటే కాస్త చిన్నది.

"దీన్ని మీ అద్దాల అరలో పెట్టు. ఆ పుర్రెకు విరిగిపోయిందన్నావుగా. నాది వాడుకో."

పెద్ద మేడమ్ సంతోషంగా సరేనన్నారు. కోడలు దాన్ని శుభ్రం చేసి, ఆరబెట్టి, మనిషి పుర్రె పక్కన దూది మీద పెట్టింది. అరను ఇంకా జనానికి తెరవలేదు.

ఒకరోజు మధ్యాహ్నం తలుపు దగ్గర చప్పుడైంది. అత్తయ్య. ఇన్నేళ్ళలో ఎప్పుడూ మ్యూజియం గుమ్మం తొక్కని మనిషి, సంచి గుండెలకు హత్తుకుని, ఎటు చూడాలో తెలియక నిలబడింది.

"ఇక్కడే ఉంటావా రోజంతా? వీటితో?"

"కూర్చోండి అత్తయ్యా."

కూర్చోలేదు. అరల మధ్య గబగబా నడిచింది. పిల్లి దగ్గర మొహం తిప్పుకుంది. బంగారు తీగ ముందు మాత్రం ఆగింది. వంగి చూసింది. "ఇదేనా అది? ఇంత అందంగా ఉందేంటి!" కోడలు చేప కమాను చూపించింది. తర్వాత కప్పలో నాలుక కింది పలక, పావురంలో సన్నని కొమ్ములు, పిల్లిలో గొలుసులా దిగిన చిన్న ముక్కలు. ప్రతి దాని దగ్గరా అత్తయ్య తన చెవి కింద తడుముకుంది. చివరికి మనిషి పుర్రె. దాని పక్కన దూది.

"నేను దీనికోసమే వచ్చాను. ఇంటికి తీసుకెళతాను."

"మామయ్యే ఇచ్చారు కదా."

"ఆయన ఇస్తాడు. ఆయనకేం, అన్నీ ఆటే." అత్తయ్య అరకు దగ్గరగా జరిగింది. "ఆయన ఇంకా బతికున్నాడమ్మా. ఇక్కడున్నవన్నీ చచ్చినవి. వీటి వరసలో ఆయన ముక్క ఉందని తలుచుకుంటే నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. పొద్దున్నుంచి పనంతా పాడైంది."

కోడలికి చెప్పాలనుకున్న మాటలు చాలా ఉన్నాయి. పేరు రాయం, ఎవరికీ తెలియదు, పిల్లలు చూసి నేర్చుకుంటారు. అవన్నీ పక్కనపెట్టి అర తెరిచి ముక్కను దూదితో సహా తీసి ఇచ్చింది. అత్తయ్య దాన్ని చేతిరుమాల్లో చుట్టి, మళ్ళీ విప్పి ఉందో లేదో చూసి, సంచి లోపలి జేబులో పెట్టి జిప్పు లాగింది.

"నీకు మాట రాదు కదా, మీ మేడమ్ దగ్గర?"

"నేను చూసుకుంటాను."

"చూసుకో." తలుపుదాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "ఇస్త్రీ కొట్టు ఆవిడకు చెప్పాను. మా కోడలే కనిపెట్టిందని. ఇంకా మూడిళ్ళు మిగిలాయి. నడవలేక ఆగాను." చెప్పి వెళ్ళిపోయింది.

కోడలు ఖాళీ అయిన చోట కొత్త దూది పరిచింది. తర్వాత సన్నని తీగ ముక్క కత్తిరించి, దానికి మైనం చుట్టి, పుర్రెకు సూది తయారుచేయడం మొదలుపెట్టింది. మొదటిది మరీ పొడుగైంది. విరిచేసి ఇంకోటి చుట్టింది.